డబ్లిన్ పటాలం, చందుర్తి పొలం

డబ్లిన్ నగరానికి గుండెకాయ గ్రాఫ్టన్ వీధి. అందులోకి వాహనాలు రానివ్వరు. పూలమ్మే ఆడవాళ్ళు, మలుపు మలుపునా గిటారు పట్టుకుని పాడే కుర్రాళ్ళు, కొనేవాళ్ళకన్నా చూసేవాళ్ళే ఎక్కువగా ఉండే దుకాణాలు. ఆ సందడి దాటి వీధి చివరికి వస్తే ఎదురుగా బూడిదరంగు గ్రానైటు తోరణం కనిపిస్తుంది. దాని కిందనుంచి నడిస్తే సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ అనే పెద్ద పార్కులో అడుగుపెడతాం. ఐస్‌క్రీము తింటూ, ఫోన్లు చూసుకుంటూ, పిల్లల బండ్లు తోసుకుంటూ పొద్దస్తమానం జనం ఆ తోరణం దాటుతూనే ఉంటారు. తలెత్తి పైకి చూసేవాళ్ళు మాత్రం తక్కువ.

చూస్తే కమాను లోపలి వంపు నిండా పేర్లు. 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో చనిపోయిన రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ సైనికుల పేర్లవి. పైన టలానా, కొలెంజో, టుగెలా, లేడీస్మిత్ అంటూ యుద్ధాల పేర్లు. 1907లో కట్టిన ఈ తోరణానికి అసలు పేరు ఫ్యూజిలియర్స్ ఆర్చ్. జాతీయవాదులు దీన్ని ద్రోహుల ద్వారం అన్నారు. అలా అనడానికి వాళ్ళకు కారణం ఉంది. తమను ఏలుతున్న సామ్రాజ్యంతోనే బోయర్లు పోరాడుతుంటే డబ్లిన్ వీధుల్లో బోయర్లకు జేజేలు పలికిన జనం ఉన్నారు. జాన్ మెక్‌బ్రైడ్ అనే ఐరిష్ వీరుడు బోయర్ల పక్షాన చేరి ఐరిష్ దళాన్నే నడిపాడు. 1916 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్ళు ఆయన్ను కాల్చి చంపారు. అదే బోయర్ యుద్ధంలో అవతలి పక్షాన నిలబడి పోయిన డబ్లిన్ పిల్లల పేర్లు ఈ రాతి మీద ఉన్నాయి. తోరణానికి ఒక పక్కన రాయి పెచ్చులూడిన గుంటలు కనిపిస్తాయి. అవి 1916 నాటి తూటా దెబ్బలు. వేలు పెట్టి చూశాను. అంచులు వానకు అరిగి నున్నబడ్డాయి గానీ లోతు అలాగే ఉంది.

నా వెంట వచ్చిన మేనకోడలు ఆ ఊళ్ళోనే నర్సుగా పనిచేస్తోంది. "రోజూ ఇటే వెళ్తాను మావయ్యా, పైన పేర్లున్నాయని ఇవాళే చూశాను" అంది. దాన్ని తప్పుపట్టడానికేం లేదు. మాది పిఠాపురం దగ్గరి పల్లె. మా ఊరికి కూతవేటు దూరంలో ఉన్న చందుర్తి పొలాల్లో ఏం జరిగిందో నాకూ చాలా కాలం తెలియదు.

ఈ పటాలానికి డబ్లిన్ పేరు వచ్చింది 1881లో. అంతకుముందు వందేళ్ళకు పైగా దాని ఊరు మద్రాసు. 1748లో స్ట్రింగర్ లారెన్స్ అనే సేనాని ఈస్టిండియా కంపెనీ యూరోపియన్ సైనికులను ఒక క్రమంలో పెట్టి తయారుచేసిన దళమే తర్వాత మద్రాస్ యూరోపియన్ రెజిమెంటు అయింది, ఆపైన మద్రాస్ ఫ్యూజిలియర్స్ అయింది. 1857 తర్వాత కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చినప్పుడు కంపెనీ పటాలాలు ఇంగ్లండు సైన్యంలో కలిసిపోయాయి. దీనికి 102వ నంబరు ఇచ్చారు. 1881లో బొంబాయి ఫ్యూజిలియర్లనూ దీనికి జతచేసి, డిపోను డబ్లిన్ పక్కన ఉన్న నేస్ పట్టణంలో పెట్టి, రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ అని పేరు మార్చారు. పేరు మారినా చిహ్నం మారలేదు. మండుతున్న గ్రెనేడు మీద పులి, ఏనుగు. డబ్లిన్ మురికివాడల్లో పుట్టి, జూలో తప్ప ఏనుగును చూసి ఎరగని కుర్రాళ్ళు దాన్ని టోపీ మీద పెట్టుకుని తిరిగారు.

పటాలం గెలిచిన యుద్ధాల జాబితాలో ఆర్కాటు, ప్లాసీ, వందవాసి, నందిదుర్గం, పుదుచ్చేరి అన్నీ ఉంటాయి. ప్లాసీకీ వందవాసికీ నడుమ 'కాండోర్' అని ఒకటుంటుంది. అదే మా వైపు కొండెవరం. మన చరిత్ర పుస్తకాల్లో చందుర్తి యుద్ధం.

1757 జనవరిలో బొబ్బిలి కోట బుగ్గయింది. ఆ వెంటనే విజయనగరం రాజు విజయరామరాజును తాండ్ర పాపారాయుడు చంపాడు. ఇంతవరకూ మన వైపు పిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాత విజయనగరం గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివాళ్ళ మీద కోపంతో వాళ్ళ చేతిలోని విశాఖపట్నాన్ని పట్టుకుని, ఇంగ్లీషువాళ్ళను సాయం రమ్మన్నాడు. మద్రాసు వాళ్ళు రామన్నారు. కలకత్తాలో ఉన్న క్లైవు ఒప్పుకుని కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్‌ను ఓడల మీద పంపాడు. సుమారు 500 మంది యూరోపియన్లు, 2,000 మంది సిపాయిలు. రెండేళ్ళ కిందట క్లైవు వెంట మద్రాసు నుంచి బెంగాలు వెళ్ళినవాళ్ళు కొందరు ఆ యూరోపియన్లలో ఉన్నారు. అలా ఈ యుద్ధం మద్రాసు పటాలం ఖాతాలో పడింది. ఫోర్డ్ కూడా ఐర్లండు మనిషే. కౌంటీ డౌన్‌లోని సీఫోర్డ్ వాళ్ళ ఊరు.

1758 డిసెంబరులో ఫోర్డ్ దండు, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దండు చందుర్తి దగ్గర ఎదురుపడ్డాయి. నిలువెత్తు పెరిగిన చేను అడ్డుపడి ఫోర్డ్ యూరోపియన్లు అవతలివాళ్ళకు కనపడలేదు. కనిపించింది ఎర్రకోట్లు వేసుకున్న సిపాయిలు. వాళ్ళే ఇంగ్లీషువాళ్ళు అనుకుని ఫ్రెంచి తెల్లదళం వాళ్ళ మీద విరుచుకుపడింది. సిపాయిలు చెల్లాచెదురయ్యారు. ఫ్రెంచివాళ్ళు వాళ్ళను తరుముతూ వరుస తప్పినప్పుడు చేను వెనకనుంచి యూరోపియన్లు వచ్చి పక్కనుంచి కొట్టారు. గెలుపు అక్కడ ఖాయమైంది. 1759 ఏప్రిల్లో ఫోర్డ్ ఒక రాత్రి మచిలీపట్నం కోట మీద లగ్గ పట్టి అదీ గెలిచాడు. సర్కారు జిల్లాలు కంపెనీ చేతికి పోవడానికి దారి పడింది ఆ కొద్ది నెలల్లోనే.

సిపాయిల ఎర్రకోటును చూసి ఫ్రెంచివాళ్ళు మోసపోవడం సైనిక చరిత్రకారులకు యుద్ధ తంత్రం కింద కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ కోట్లలో ఉన్న మనుషులు కనిపిస్తారు. తమవి కాని కోట్లు తొడుక్కుని, తమది కాని తగవులో, తమ కోసం కాచుకోని గుండుకు ఎదురు నిలబడ్డవాళ్ళు. అటు ఫ్రెంచి వైపున్నదీ వేలాది సిపాయిలే.

తోరణం దాటి పార్కులోకి వెళితే చెరువు, బాతులు, పెద్ద పెద్ద చెట్లు. 1916 ఏప్రిల్లో తిరుగుబాటుదార్లు ఈ పార్కును ఆక్రమించి కందకాలు తవ్వారు. చుట్టూ మేడల మీదనుంచి బ్రిటిష్ సైనికులు మరతుపాకులతో కాల్చారు. పార్కు కావలిమనిషి బాతులకు మేత వెయ్యడానికి వస్తే ఇరుపక్షాలూ కాల్పులు ఆపేవట. ఆ కథ డబ్లిన్‌లో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. బెంచీ మీద మా పక్కన కూర్చున్న పెద్దావిడ మేం అడక్కుండానే చెప్పింది. అక్కడి మనుషుల తీరే అంత. దారి అడిగితే దారితో ఆపరు. ఆ వీధికి ఆ పేరెందుకొచ్చిందో, అక్కడ తమ మేనత్త ఎవర్ని పెళ్ళి చేసుకుందో చెప్పి గాని వదలరు. బస్సు దిగేటప్పుడు ఒక్కొక్కరూ డ్రైవరుకు థాంక్స్ చెప్పి దిగుతారు. వెనక తలుపునుంచి దిగేవాళ్ళు కూడా గొంతు పెంచి మరీ చెబుతారు. రెండు రోజుల్లో నాకూ అది అలవాటైపోయింది.

పార్కు లోపల టామ్ కెటిల్ విగ్రహం ఉంది. తలా భుజాలూ మాత్రమే, చిన్నది. ఈయన పార్లమెంటు సభ్యుడు, యూనివర్సిటీ కాలేజీ డబ్లిన్‌లో అర్థశాస్త్రం ప్రొఫెసరు, కవి. ఐర్లండుకు స్వపరిపాలన రావాలని జీవితమంతా వాదించినవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ బెల్జియంను తొక్కడం కళ్ళారా చూసి, ఈ యుద్ధం చిన్న దేశాల కోసమేనని నమ్మి డబ్లిన్ ఫ్యూజిలియర్లలో చేరాడు. 1916 ఈస్టరు వారంలో డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. ఆయన తోడల్లుడు ఫ్రాన్సిస్ షీహీ-స్కెఫింగ్టన్ ఆయుధం పట్టని శాంతివాది. అతన్ని ఒక బ్రిటిష్ అధికారి విచారణ లేకుండా కాల్పించాడు. అదే సైన్యం కోటు తొడుక్కుని ఉన్న కెటిల్ పరిస్థితి ఊహించండి. రేపు చరిత్రలో తిరుగుబాటుదార్లు వీరులవుతారు, నేను బ్రిటిష్ అధికారిగా మిగిలిపోతాను అని ఆయనకు అప్పుడే తెలుసు. తెలిసీ ఫ్రాన్సు వెళ్ళాడు. సెప్టెంబరు 9న జిన్‌షీ గ్రామం దగ్గర చనిపోయాడు. శవం దొరకలేదు.

కెటిల్ పాఠాలు చెప్పిన ఆ కాలేజీలోనే ఆ సంవత్సరాల్లో మన వరాహగిరి వెంకటగిరి న్యాయశాస్త్రం చదువుతున్నాడు. 1913లో వెళ్ళాడు. తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన థామస్ మెక్‌డొనా అక్కడ ఇంగ్లీషు చెప్పేవాడు. తిరుగుబాటు అణిగాక గిరి మీద అనుమానం పడి, దేశం విడిచి పొమ్మని ఉత్తరువు ఇచ్చారు. ఐర్లండే తనను జాతీయవాదిని చేసిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఒకే కాలేజీ ఆవరణ నుంచి ఒక ఐరిష్ ప్రొఫెసరు బ్రిటిష్ కోటు వేసుకుని చావుకు, ఒక తెలుగు విద్యార్థి దేశ బహిష్కారం పొంది స్వరాజ్య ఉద్యమానికి వెళ్ళారు. ఆ విగ్రహం ముందు నిలబడినంతసేపూ ఇద్దరిలో ఎవరు తప్పు అనే ప్రశ్న నాకు రాలేదు. ఇద్దరూ తమ దేశం కోసమే వెళ్ళారు.

లిఫీ నది ఒడ్డున రాయల్ బ్యారక్స్ ఇప్పుడు కాలిన్స్ బ్యారక్స్. 18వ శతాబ్దం మొదట్లో కట్టిన ఆ బూడిదరాతి భవనాలు జాతీయ మ్యూజియం అయ్యాయి. నడుమ విశాలమైన కవాతు మైదానం, చుట్టూ కమానుల వరండాలు. 1915లో ఫ్యూజిలియర్ల ఏడో బెటాలియన్ ఇక్కడినుంచే కవాతు చేస్తూ ఓడరేవుకు వెళ్ళింది. అందులో డి కంపెనీ అంతా లాన్స్‌డౌన్ రోడ్డు రగ్బీ మైదానంలో పేర్లిచ్చిన చదువుకున్న కుర్రాళ్ళు: లాయర్లు, బ్యాంకు గుమాస్తాలు, డాక్టరీ విద్యార్థులు. తక్కిన కంపెనీల్లో రేవు కూలీలు, బండ్లు తోలేవాళ్ళు. 1913లో డబ్లిన్ యజమానులు యూనియన్ కార్మికులను నెలల తరబడి పనిలోంచి గెంటేశారు. ఆ దెబ్బకు పొయ్యిలో పిల్లి లేవని ఇళ్ళనుంచి ఎందరో మర్నాటి ఏడు సైన్యంలో చేరారు. జీతం వస్తుంది, ఇంట్లో భార్యకు భత్యం వస్తుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే ద్రోహి అనే మాట నోటికి రాదు.

ఏడో బెటాలియన్‌ను గల్లిపోలీలో సువ్లా తీరాన దింపారు. బాంబులు అయిపోయి రాళ్ళు రువ్వి పోరాడిన దళం అది. అంతకన్నా ఘోరం మొదటి బెటాలియన్‌ది. 1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు ఆ బెటాలియన్ మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఉంది. పుట్టిన చోటికే తిరిగివచ్చి ఉన్నట్టు. అక్కడినుంచి ఇంగ్లండుకు, ఇంగ్లండు నుంచి టర్కీకి. 1915 ఏప్రిల్ 25 ఉదయం సెద్దుల్ బహర్ కోట కింద వి బీచ్‌లో తెరపి పడవల్లో దిగుతుంటే కోటలోనుంచి, గట్టు మీదనుంచి టర్కీ సైనికులు కాల్చారు. పడవల్లోనే చాలామంది పోయారు. బరువైన మూటలతో నీళ్ళలో పడి మునిగిపోయినవాళ్ళు మరికొందరు. వాళ్ళ పురోహితుడు ఫాదర్ విలియమ్ ఫిన్, వద్దంటున్నా దిగి, చనిపోతున్నవాళ్ళ దగ్గరకు పాకుతూ వెళ్ళి తానూ చనిపోయాడు. పక్కనే రివర్ క్లైడ్ ఓడ లోంచి దిగిన మన్‌స్టర్ ఫ్యూజిలియర్ల గతీ అదే. వీళ్ళు పూర్వపు బెంగాల్ యూరోపియన్ పటాలం. చందుర్తిలో కలిసి పోరాడినవాళ్ళ వారసులు ఇక్కడ కలిసి చచ్చారు. మిగిలిన రెండు బెటాలియన్ల మనుషులను కలిపి కొన్నాళ్ళు ఒకే దళంగా నడిపారు.

టర్కీవాళ్ళు చేసింది సొంత నేలను కాపాడుకోవడం. మ్యూజియంలో యూనిఫాంలు, కత్తులు, ఉత్తరాలు చూస్తూ తిరుగుతున్నప్పుడు ఇది కూడా మనసులో పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ధైర్యం ఒక్కటే కనిపిస్తుంది.

1857 విషయంలోనూ అంతే. ఈ పటాలానికి బ్లూ క్యాప్స్ అని ముద్దుపేరు. టోపీలకు నీలంగుడ్డ కట్టుకునేవారు. అప్పటి సేనాని జేమ్స్ నీల్ వారణాసి, అలహాబాదుల్లో ఊళ్ళకు ఊళ్ళు ఉరితీయించాడు. కాన్పూరులో, ఉరికి ముందు ఖైదీల చేత నేలమీది నెత్తురు నాకించాడు. లక్నోలో చచ్చిపోయాడు. మద్రాసు మౌంట్ రోడ్డు మీద వెలసిన అతని విగ్రహాన్ని తీసెయ్యమని 1927లో సత్యాగ్రహం చేశారు. 1937లో రాజాజీ ప్రభుత్వం తీయించి మ్యూజియానికి పంపింది. పటాలం చరిత్రను హెచ్.సి. వైలీ మూడు సంపుటాలుగా రాస్తే దానికి పెట్టిన పేరు 'నీల్స్ బ్లూ క్యాప్స్'. ఆ పేరు నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. రేవు కూలీ కొడుకు మీద జాలి పడుతూ నీల్ సైనికుడి మీద పడకుండా ఉండడం ఎలా? ఆ సైనికుల్లోనూ చాలామంది ఐర్లండు పేదలే.

ఆ సాయంత్రం నది వెంబడి నడిచి కస్టమ్ హౌస్ దగ్గరి కరువు విగ్రహాల దగ్గరకు వెళ్ళాం. ఎముకల గూళ్ళలాంటి కంచు మనుషులు, చేతుల్లో మూటలు పట్టుకుని ఓడ ఎక్కడానికి రేవువైపు నడుస్తున్నారు. ఒకడి మెడ మీద వేలాడుతున్న పిల్ల. వెనక ఒక బక్క కుక్క. 1845 తర్వాత బంగాళాదుంప కుళ్ళిపోయి, పది లక్షల మంది చనిపోయి, ఇంకో పది లక్షల మంది దేశం వదిలారు. వాన సన్నగా పడుతోంది. ఆఫీసులు వదిలి వెళ్ళేవాళ్ళు ఆ కంచు మనుషుల నడుమనుంచే నడిచిపోతున్నారు. మన ధాత కరువులో, 1876 నుంచి 1878 దాకా, మద్రాసు రాజధానిలో లక్షలాది మంది పోయారు. రాయలసీమ ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ కరువుకు మన నగరాల నడిబొడ్డున ఒక్క విగ్రహం లేదు. ముసలమ్మల నోట ఉండేది, వాళ్ళూ పోయారు.

నేస్‌కు వెళ్ళే దారంతా పచ్చిక, రాతి గోడలు, గుర్రాలు. పొదల కంచెల నిండా నల్లగా పండిన బ్లాక్‌బెర్రీలు. ఒక్క పూటలో ఎండా వానా చలిగాలీ మూడూ వచ్చిపోతాయి, గొడుగు మడిచినంతసేపు కూడా ఆగవు. ఫ్యూజిలియర్ల డిపో 1922 తర్వాత డెవాయ్ బ్యారక్స్ అయింది. జాన్ డెవాయ్ పక్క ఊరివాడు, బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ సైనికులను తిరుగుబాటుకు కూడగట్టిన విప్లవకారుడు. ఇప్పుడు అక్కడ కౌంటీ కౌన్సిల్ వారి గాజు భవనాలున్నాయి. జనం పన్ను కాగితాలు పట్టుకుని వస్తూ పోతూ ఉన్నారు.

మేనకోడలి ఆస్పత్రిలో పనిచేసే ఒకామె తండ్రి ఆ ఊళ్ళోనే ఉంటాడు. నేను వచ్చిన పని తెలిసి భోజనానికి రమ్మన్నాడు. ఎనభై దాటిన మనిషి. క్యాబేజీ కలిపి మెదిపిన బంగాళాదుంప, మధ్యలో గుంట చేసి వేసిన వెన్న, ముతక గోధుమ రొట్టె, చిక్కటి టీ. వెన్న కరిగి గుంట నిండేదాకా ఆగి తినాలని చెప్పాడు. ప్లేటు ఖాళీ అయ్యేకొద్దీ వడ్డిస్తూనే ఉన్నాడు, చాలంటే ఒప్పుకోలేదు. మూడోసారి వద్దంటేనే నిజంగా వద్దన్నట్టని వాళ్ళ లెక్క. గోదావరి జిల్లాలో పుట్టినవాడికి ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

భోజనమయ్యాక బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో ఒక కంచు పలక. అరచేతిని మించి ఉంది, బరువుంది. బ్రిటానియా దేవత, సింహం, అంచు చుట్టూ అక్షరాలు, పక్కన చిన్న చట్రంలో మనిషి పేరు. మొదటి యుద్ధంలో చనిపోయిన ప్రతివాడి ఇంటికీ ఇలాంటి పలక పంపారు. చచ్చినవాళ్ళ పైసా అని జనం దానికి పేరు పెట్టారు. హోదా రాయలేదు. జనరల్‌కైనా సిపాయికైనా ఉత్త పేరే. ఈ పేరు ఆయన నాయనమ్మ తమ్ముడిది. మద్రాసులో మొదటి బెటాలియన్‌లో ఉండి గల్లిపోలీలో పోయాడు. అడుగున ఒక పోస్టుకార్డు, మీద మద్రాసు హైకోర్టు బొమ్మ. వెనక పెన్సిలు రాత సగం చెరిగిపోయింది. ఎండ గురించి, దోమల గురించి, అమ్మ కాలు నొప్పి ఎలా ఉందని.

"మా నాన్న ఈ డబ్బాను కట్టెల గదిలో దాచాడు" అన్నాడాయన. "స్కూల్లో మాకు 1916 వీరుల పేర్లు నేర్పేవారు. ఈ మనిషి గురించి ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడేవారు. నాన్న పోయాక గాని ఇది నా చేతికి రాలేదు." నేను హైకోర్టు బొమ్మలోని ఎర్ర గుమ్మటాల గురించి, దాని నడిగోపురం మీద వెలిగిన దీపస్తంభం గురించి చెప్పాను. అటువైపు సముద్రం ఎలా ఉంటుందని అడిగాడు. చెప్పాను. చందుర్తి గురించి కూడా చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ వాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి?" అన్నాడు.

స్వతంత్ర ఐర్లండు ఏర్పడిన 1922లోనే ఈ పటాలాన్ని రద్దు చేశారు. జూన్ 12న విండ్సర్ కోటలో ఐదు ఐరిష్ పటాలాల జెండాలు అయిదో జార్జి చేతికి అప్పగించారు. మొదటి ప్రపంచ యుద్ధంలోనే 4,700 మందికి పైగా డబ్లిన్ ఫ్యూజిలియర్లు చనిపోయారు. మిగిలి ఇంటికొచ్చినవాళ్ళు కొత్త దేశంలో నోరు మెదపకుండా బతికారు. నా దృష్టిలో ఐర్లండు నేర్చుకున్న గొప్ప విషయం ఆ తర్వాత జరిగింది. ఐలండ్‌బ్రిడ్జిలో నది ఒడ్డున ఒక స్మారకవనం ఉంది. మన న్యూఢిల్లీ గీసిన లట్యెన్స్ దీన్నీ గీశాడు. 1930లలో కట్టేటప్పుడు కూలీలుగా సగం మంది పాత బ్రిటిష్ సైనికులను, సగం మంది ఐరిష్ సైన్యపు పాత సైనికులను తీసుకున్నారు. తర్వాత దశాబ్దాలపాటు పట్టించుకోక చెత్తకుప్పగా మారింది. బాగుచేసి 1988లో తెరిచారు. 2011లో ఎలిజబెత్ రాణి, ఐర్లండు అధ్యక్షురాలు మేరీ మెకలీస్ పక్కపక్కన నిలబడి ఇక్కడ పూలమాలలు పెట్టారు.

మేం వెళ్ళినప్పుడు దిగుడు తోటలో గులాబీలు ఆఖరి పూత మీదున్నాయి. కలువ చెరువు పక్కన ఇద్దరు పిల్లలు సైకిలు నేర్చుకుంటున్నారు. గ్రానైటు గదుల్లో ఉంచడానికి ఎనిమిది సంపుటాలు తయారుచేశారు. చిత్రకారుడు హ్యారీ క్లార్క్ అంచులు వేశాడు. 49,400 మంది పేర్లు. ఐరిష్ పటాలాల్లో చేరి చనిపోయిన ఇతర దేశస్తులు కూడా అందులో ఉన్నారు. ఎవరినీ వీరుడని గానీ ద్రోహి అని గానీ అనలేదు. పేరు, పటాలం, చనిపోయిన తేదీ లాంటి వివరాలే. కెటిల్ ఉన్నాడు. రేవు కూలీలున్నారు. బిస్కెట్ల డబ్బా మనిషీ ఉన్నాడు.

నీల్ సంగతిలో నాకు పడ్డ ముడి ఇక్కడ కొంత సడలింది. పేరు రాసినంత మాత్రాన పని ఒప్పుకున్నట్టు కాదు. నీల్ విగ్రహం దించిన మద్రాసు వాళ్ళు చేసింది ముమ్మాటికీ సబబు. విగ్రహం పొగడ్త. ఈ పుస్తకాల్లో పొగడ్త లేదు, మనిషి ఉన్నాడు, పోయాడు అనే ఉంది. అంతమాత్రానికి ప్రతి సిపాయికీ హక్కుంది.

ముసలాయన ప్రశ్నకు నేనక్కడ జవాబు చెప్పలేకపోయాను. కంపెనీ యూరోపియన్ సైనికుల మస్టర్ రోల్స్ లండన్ బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఇప్పటికీ ఉన్నాయి. పేరు, పుట్టిన ఊరు, వచ్చిన ఓడ. మామూలు సైనికుడి ఆనవాలు కూడా దొరుకుతుంది. చందుర్తి చేలో ఎర్రకోట్లు తొడుక్కుని తరిమివేతకు గురైన సిపాయిలకు అలాంటి పుస్తకం లేదు. అవతల ఫ్రెంచివాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళకూ, ఆనంద గజపతి దండులో నడిచినవాళ్ళకూ లేదు. పేర్లు ఎలాగూ దొరకవు. అయినా చందుర్తి రోడ్డు పక్కన ఒక రాయి పాతవచ్చు. ఇరువైపులా పోయినవాళ్ళందరినీ కలిపి, ఫలానా సంవత్సరం ఇక్కడ జరిగింది ఇది అని తెలుగులో రాయవచ్చు. తిరిగొచ్చాక మా వైపు చరిత్ర పాఠాలు చెప్పే మాస్టార్లతో ఈ మాటే అన్నాను. ఇద్దరు ముందుకొచ్చారు.

ఈసారి ట్రలీ వెళ్ళడం కుదరలేదు. ఐర్లండుకు నైరుతి కొసన ఉన్న ఊరది. మచిలీపట్నం పేరును జెండా గౌరవాల్లో రాసుకున్న మన్‌స్టర్ ఫ్యూజిలియర్ల డిపో అక్కడి బాలిములెన్ బ్యారక్స్‌లో ఉండేది. మళ్ళీ ఐర్లండు వెళితే ముందు అక్కడికే.